విద్యుత్తుకు తెరచిన వాకిలి, వేడికి మూసిన వాకిలి

(ప్రసంగ పాఠం)

1868 ఆగస్టు 18వ తేదీన సంపూర్ణ సూర్యగ్రహణం సంభవించింది. దానిని పరిశీలించటానికి ఫ్రెంచి ఖగోళ శాస్త్రజ్ఞుడు జాన్సెన్ గుంటూరులో విడిది చేశారు. మద్రాసు నక్షత్రశాలకు అధిపతిగా ఉన్న పోగ్సన్ మచిలీపట్నం వెళ్ళారు. గ్రహణ సమయంలో సూర్యబింబపు అంచున ఎగసే జ్వాలల కాంతిని వర్ణపటంగా విడదీసి చూడగా అందులో ఒక పసుపు పచ్చని గీత కనిపించింది. అది అప్పటికి భూమి మీద తెలిసిన ఏ మూలకానికీ చెందిన గీత కాదని ఇంగ్లండులో లాకియర్ నిర్ణయించారు. సూర్యుని గ్రీకు నామాన్ని బట్టి ఆ కొత్త మూలకానికి హీలియం అనే పేరు వచ్చింది. 1895లో విలియం రామ్సే ఆ వాయువును ఒక ఖనిజం నుండి రాబట్టారు. 1908 జులై 10వ తేదీన హాలండులోని లైడెన్ నగరంలో కామర్లింగ్ ఓనెస్ దానిని ద్రవంగా మార్చగలిగారు.

ద్రవ హీలియం చేతికి రావటంతో అతిశీతల ప్రపంచం మానవునికి అందుబాటులోకి వచ్చింది. 1911 ఏప్రిల్‌లో అదే ప్రయోగశాలలో పాదరసాన్ని సుమారు 4.2 కెల్విన్‌ల వరకు, అనగా సున్నాకు దిగువన 269 సెల్సియస్ డిగ్రీల వరకు చల్లబరచినప్పుడు, దాని విద్యుత్ నిరోధం హఠాత్తుగా మాయమైంది. తగ్గటం కాదు, కొలతకు అందకుండా పోవటం జరిగింది. ఈ స్థితికే అతివాహకత అని పేరు. అటువంటి పదార్థాలు అతివాహకాలు. విద్యుత్తుకు ఏ అడ్డంకీ లేని రాజమార్గం దొరికిందని లోకమంతా సంతోషించింది.

అయితే ఆ రాజమార్గంలో విద్యుత్తు నిరాటంకంగా సాగేటప్పుడు వేడి ఏమవుతుంది? ఈ ప్రశ్న చాలా కాలం పరిశోధకుల గదులు దాటి బయటకు రాలేదు. నేడు క్వాంటం గణన యంత్రాల భవిష్యత్తు కొంతవరకు ఈ ప్రశ్నకు లభించే సమాధానం మీదనే ఆధారపడి ఉన్నది. ఈ ప్రసంగానికి విషయం అదే.

రెండు ప్రవాహాలు, ఒకే వాహనం

రాగి పాత్ర పొయ్యి మీద త్వరగా కాగుతుంది. విద్యుత్ తీగలకు వాడేదీ రాగినే. ఇది కాకతాళీయం కాదు. లోహంలో విద్యుత్తును మోసేది ఎలక్ట్రాన్లే, వేడిని ప్రధానంగా మోసేదీ ఎలక్ట్రాన్లే. అందువలన విద్యుత్తును బాగా ప్రసరింపజేసే లోహం వేడిని కూడా బాగా ప్రసరింపజేస్తుంది. ఒకే ఉష్ణోగ్రత వద్ద ఈ రెండు శక్తుల నిష్పత్తి వేర్వేరు లోహాలలో దాదాపు సమానంగా ఉంటుందని 1853లో జర్మనీలో వీడెమన్, ఫ్రాంజ్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు చూపారు.

ఈ నియమాన్ని అతివాహకం ఉల్లంఘిస్తుంది. విద్యుత్తును ఏ నిరోధమూ లేకుండా పోనిచ్చే పదార్థం వేడిని కూడా అదే విధంగా పోనివ్వాలని ఎవరైనా ఊహిస్తారు. జరిగేది అందుకు పూర్తిగా విరుద్ధం. బాగా చల్లబడిన అతివాహకంలో ఎలక్ట్రాన్ల ద్వారా వేడి దాదాపు కదలదు.

దీనికి కారణాన్ని 1957లో అమెరికాలో బార్డీన్, కూపర్, ష్రీఫర్ ప్రతిపాదించిన సిద్ధాంతం విశదం చేసింది. ఈ ముగ్గురికి 1972లో నోబెల్ బహుమతి లభించింది. అతివాహకంలో ఎలక్ట్రాన్లు విడివిడిగా కాక జంటలుగా ఏర్పడతాయి. ఆ జంటలన్నీ కలిసి ఒకే సమష్టి స్థితిలో మెలుగుతాయి. ఎలక్ట్రాన్లు ఒక్కొక్కటిగా ఉన్నంత కాలం ఒకే స్థితిలో రెండు ఇమడవు. జంటలైనప్పుడు ఆ నిషేధం సడలుతుంది. 1924లో ఢాకాలో సత్యేంద్రనాథ్ బోస్ రూపొందించిన గణన పద్ధతికి లోబడే కణాల ప్రవర్తనను ఇది కొంతవరకు గుర్తుకు తెస్తుంది.

కోలాటంలో ఎందరు ఉన్నా ఒకే తాళానికి అడుగు వేస్తారు. వలయం మొత్తం తిరుగుతుంది, అయినా ఎవరూ తొక్కిసలాడరు. అతివాహకంలోని ప్రవాహం అటువంటిది. వేడి అంటే కణాల అస్తవ్యస్తమైన చలనమే. తాళం తప్పని వలయంలో అస్తవ్యస్తతకు తావు లేదు. కనుక జంటలు ఆవేశాన్ని మోస్తాయి, వేడిని మోయవు. వేడిని మోయాలంటే జంట విడిపోయి ఎలక్ట్రాన్ ఒంటరి కావాలి. అందుకు కొంత కనీస శక్తి చెల్లించాలి. దీనినే శక్తి అంతరం అంటారు. 1.2 కెల్విన్‌ల దిగువన అతివాహకంగా మారే అల్యూమినియంలో ఇది ఒక ఎలక్ట్రాన్‌కు సుమారు ఎలక్ట్రాన్ వోల్టులో అయిదు వేల వంతు మాత్రమే. కాని పరమశూన్యానికి చేరువలో ఆ కొద్దిపాటి శక్తి కూడా కణాలకు అందని ద్రాక్షే.

ఈ గుణాన్ని ప్రయోగశాలలు చిరకాలంగా వాడుకుంటున్నాయి. అతిశీతల యంత్రాలలో ఒక అతివాహకపు పట్టీని అమరుస్తారు. అయస్కాంత క్షేత్రం ప్రయోగిస్తే అది మామూలు లోహంగా మారి వేడిని పోనిస్తుంది. క్షేత్రాన్ని తీసివేస్తే అతివాహకమై వేడిని నిలిపివేస్తుంది. దీపానికి మీట ఎటువంటిదో వేడికి ఇది అటువంటి మీట.

సరిహద్దు వద్ద జరిగే వింత

మామూలు లోహమూ అతివాహకమూ ఒకదానికొకటి తాకే చోట ఏమి జరుగుతుంది? మాస్కోలో అలెక్సాండర్ ఆండ్రేయెవ్ 1964లో దీనికి సమాధానం చెప్పారు. ఆయన అన్వేషణకు మూలం విద్యుత్తు కాదు, వేడి. మామూలు పొరలూ అతివాహక పొరలూ ఒకదాని ప్రక్కన ఒకటి ఉన్న లోహంలో ఉష్ణ నిరోధం అనుకున్న దానికంటె ఎందుకు హెచ్చుగా ఉంటున్నది అనేదే ఆయన ఎదుట ఉన్న సమస్య.

లోహం వైపు నుండి ఒక ఒంటరి ఎలక్ట్రాన్ సరిహద్దుకు వస్తుంది. అతివాహకంలో ఒంటరివారికి చోటు లేదు. అప్పుడు ఆ ఎలక్ట్రాన్ లోహంలోని మరొక ఎలక్ట్రాన్‌ను తోడు చేసుకొని జంటగా లోపలికి ప్రవేశిస్తుంది. ఆ రెండవ ఎలక్ట్రాన్ విడిచిన ఖాళీ, వచ్చిన దారినే వెనుకకు మళ్ళుతుంది. ఈ విధంగా రెండు ఎలక్ట్రాన్ల ఆవేశం సరిహద్దు దాటుతుంది. కాని మొదటి ఎలక్ట్రాన్ మోసుకొచ్చిన వేడి మాత్రం ఆ ఖాళీతో పాటు లోహంలోకే తిరిగి వస్తుంది. ఆండ్రేయెవ్ పరావర్తనం అని ప్రసిద్ధి పొందిన ఈ ప్రక్రియ వలన ఒకే వాకిలి విద్యుత్తుకు తెరచి, వేడికి మూసి ఉంటున్నది.

ఒక్కరికే చోటున్న మజిలీ

ఈ సరిహద్దులో ఒక అతి సూక్ష్మమైన మజిలీని నిర్మిస్తే అదే క్వాంటం బిందువు. కొన్ని నానోమీటర్లు మొదలు కొన్ని వందల నానోమీటర్ల పరిమాణం గల ఈ అర్ధవాహక ఖండంలో ఎలక్ట్రాన్లు బంధింపబడి, పరమాణువులో వలెనే మెట్లు మెట్లుగా ఉండే శక్తి స్థాయిలను పొందుతాయి. గాజులోను, ద్రావణంలోను తయారైన క్వాంటం బిందువుల రంగులు వాటి పరిమాణాన్ని బట్టి మారతాయని కనుగొన్న ఎకిమోవ్, బ్రస్‌లకు, వాటిని నాణ్యంగా తయారు చేసే పద్ధతి కనుగొన్న బావెండీకి 2023లో రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. ఈ ప్రసంగంలో ప్రస్తావించే బిందువులు వాటికి దాయాదులు. ఇవి రంగుల కోసం కాక, తీగలకు జతచేసి విద్యుత్తును పరిశీలించటం కోసం నిర్మింపబడినవి.

ఇంత చిన్న చోట ఒక ఎలక్ట్రాన్ చేరగానే రెండవదానిని అది వికర్షిస్తుంది. రెండవది లోపలికి రావాలంటే అదనపు శక్తి అవసరం. చేరువలో ఉన్న లోహపు పలకకు ఇచ్చే వోల్టేజిని సవరించి ఎలక్ట్రాన్లను ఒక్కొక్కటిగా లోపలికి అనుమతించవచ్చు, ఒక్కొక్కటిగా బయటకు పంపవచ్చు. ఒకే ఎలక్ట్రాన్ రాకపోకలతో పనిచేసే ట్రాన్సిస్టరును 1987లో అమెరికాలో ఫుల్టన్, డోలన్ ప్రయోగపూర్వకంగా చూపారు.

ఇప్పుడు ఈ మజిలీని అతివాహకపు తీగతో కలిపితే ఒక వైరుధ్యం తలెత్తుతుంది. బిందువు ఒక్కొక్కరినే రమ్మంటుంది. అతివాహకం జంటలనే పంపుతానంటుంది. పిల్లలు చింతగింజలు గుప్పిట పట్టి ఆడే సరి–బేసి ఆట ఇక్కడ ప్రకృతి నియమమవుతుంది. బిందువులో ఉన్న ఎలక్ట్రాన్ల సంఖ్య సరియా, బేసియా అన్నదానిని బట్టి ప్రవాహపు తీరు మారుతుంది. రెండు అతివాహకాల నడుమ ఉన్న బిందువులో సంఖ్యను మార్చినప్పుడు నిరోధం లేని విద్యుత్ ప్రవాహపు దిశ సైతం తారుమారు కాగలదని 2006లో హాలండులో జరిగిన ప్రయోగాలు చూపాయి. 2009లో స్విట్జర్లాండులోని బాసెల్ నగరంలో ఒక అతివాహకానికి ఇరువైపుల రెండు బిందువులను అమర్చి, జంటలోని రెండు ఎలక్ట్రాన్లను చెరొక దారిన పంపటం సాధ్యమేనని నిరూపించారు.

కాలం అడిగే లెక్క

ఇంతవరకు చెప్పినది ప్రవాహం స్థిరపడిన తరువాతి మాట. ప్రవాహం మారుతూ ఉండగా పరిశీలించినప్పుడే ఈ విషయంలోని లోతు తెలుస్తుంది.

అతివాహకాలకు కాలంతో విడదీయరాని సంబంధం ఉన్నది. 1962లో కేంబ్రిడ్జిలో ఇరవై రెండేళ్ళ పరిశోధక విద్యార్థి జోసెఫ్‌సన్ ఒక విచిత్రమైన విషయాన్ని ఊహించారు. పలుచని అవరోధంతో వేరైన రెండు అతివాహకాల నడుమ మారని వోల్టేజిని ఉంచినా, వాటి నడుమ పారే జంటల ప్రవాహం ముందుకూ వెనుకకూ ఊగుతుంది. ఒక మైక్రోవోల్టు వోల్టేజికి ఆ ఊపు సెకనుకు సుమారు 48 కోట్ల 36 లక్షల సార్లు జరుగుతుంది. ఈ లెక్క ఎంత నిక్కమైనదంటే 1990 నుండి ప్రపంచ దేశాలు వోల్టు ప్రమాణాన్ని నిలబెట్టటానికి దీనినే ఆధారం చేసుకున్నాయి.

బిందువు విషయంలో ప్రశ్న మరింత సూక్ష్మమైనది. దాని వోల్టేజిని హఠాత్తుగా మార్చితే లోపలి ఎలక్ట్రాన్ ఎంత సేపటికి బయట పడుతుంది? దానితో పాటు వేడి కూడా అదే క్షణాన బయట పడుతుందా? తీగకూ బిందువుకూ మధ్య గల సంబంధం ఒక మైక్రో ఎలక్ట్రాన్ వోల్టు పాటిదైతే ఆ వ్యవధి నానోసెకనుకు కొంచెం తక్కువ. ఇంత స్వల్పకాలంలో ఆవేశాన్ని గమనించే నేర్పు 2006, 2007 సంవత్సరాలలో పారిస్ ప్రయోగశాలలలో కనిపించింది. అక్కడ ఒక బిందువుకు వేగంగా మారే వోల్టేజిని ఇచ్చి, కోరినప్పుడు ఒకే ఎలక్ట్రాన్‌ను విడుదల చేసే సాధనాన్ని రూపొందించారు.

వేడి విషయంలో సిద్ధాంతకారులు ఊహించని ఫలితాన్ని ఎదుర్కొన్నారు. మామూలు లోహపు తీగతో కలిసిన బిందువును కదిలించినప్పుడు ఆవేశం ఒక గడియారం ప్రకారం స్థిరపడుతుంది. శక్తి మాత్రం ఆ గడియారంతో పాటు మరొక గడియారాన్ని కూడా అనుసరిస్తుంది. మొదటి గడియారపు వేగం ఎలక్ట్రాన్ల పరస్పర వికర్షణను బట్టి, వోల్టేజిని బట్టి మారుతుంది. రెండవదానికి ఆ పట్టింపు లేదు. బిందువుకూ తీగకూ సంబంధం ఎంత గట్టిదో దాని మీదనే అది ఆధారపడుతుంది. ఈ రెండవ గడియారం కొలిచేది మరేమో కాదు, పైన చెప్పిన సరి–బేసి గుణాన్నే. ఆవేశాన్ని మాత్రమే కొలిచేవారికి ఇది కనిపించదు. వేడిని కొలిచేవారికే కనిపిస్తుంది. 2010 తరువాతి దశాబ్దంలో ఐరోపా శాస్త్రజ్ఞుల వ్యాసాలు ఈ సంగతిని స్పష్టం చేశాయి. ఆ తరువాత అదే విచారణ అతివాహకంతో కలిసిన బిందువులకు కూడా విస్తరించింది.

అటువంటి బిందువుకు ఒక ప్రక్క మామూలు తీగ, మరొక ప్రక్క అతివాహకం ఉన్నవనుకోవాలి. అతివాహకం వైపు జంటలు రావచ్చు, పోవచ్చు. బిందువు ఖాళీగా ఉండటానికీ, రెండు ఎలక్ట్రాన్లతో నిండి ఉండటానికీ నడుమ ఊగిసలాడుతుంది. ఆవేశం రెండు వాకిళ్ళ నుండీ రాకపోకలు సాగిస్తుంది. వేడి మాత్రం మామూలు తీగ ఉన్న ఒక్క వాకిలి నుండే వెళ్ళగలదు. కనుక వోల్టేజిని మార్చిన మరుక్షణం ఏ వాకిలి నుండి ఏది, ఎప్పుడు బయటకు వచ్చిందో వేరువేరుగా చూస్తే లోపల జరిగిన కథ తెలుస్తుంది. ఇంటి ఖర్చు మొత్తం తెలిసినంత మాత్రాన సంసారం తీరు తెలియదు. ఏ రోజు ఏ పద్దు క్రింద వెచ్చమైనదో చూడాలి. ఇదీ అటువంటిదే.

అంతుచిక్కని వేడికి తూకం

వేడిని ఇంత సూక్ష్మంగా తూచటం సులభం కాదు. ఒకే మార్గం గుండా వేడి ఎంత పోగలదో దానికి ప్రకృతి ఒక గరిష్ఠ పరిమితిని విధించింది. 0.1 కెల్విన్ వద్ద ఆ పరిమితి ఎంత స్వల్పమైనదంటే, ఒక వాట్టును పది లక్షల కోట్ల భాగాలు చేస్తే, ఒక కెల్విన్ తేడాకు అందులో ఒక భాగం కంటె కూడా తక్కువ. ఎలక్ట్రాన్లు ఈ పరిమితిని పాటిస్తాయని 2013లో ఫ్రాన్సులో కొలిచి చూపారు. అంతకు ముందు సంవత్సరం, 2012లో, ఇటలీలోని పీసా నగరంలో జియజోట్టో, మార్టినెజ్ పెరెజ్ మరొక అద్భుతాన్ని ప్రకటించారు. రెండు అతివాహకాల నడుమ పారే వేడిని వాటి సమష్టి తాళాల తేడాను మార్చి హెచ్చించవచ్చు, తగ్గించవచ్చు. ఈ సంగతిని మాకీ, గ్రిఫిన్ 1965లోనే లెక్కలలో చూపారు. అది ప్రయోగంలో కనిపించటానికి నలభై ఏడు సంవత్సరాలు పట్టింది. 2018లో స్వీడన్‌లోని లుండ్ విశ్వవిద్యాలయంలో ఒక క్వాంటం బిందువునే వేడితో నడిచే ఇంజనుగా మార్చి, ప్రకృతి అనుమతించే గరిష్ఠ సామర్థ్యంలో 70 శాతానికి మించి రాబట్టారు.

ఎందుకీ శ్రమ?

ఇంత అల్పమైన వేడిని గురించి ఇంత ఆరాటం ఎందుకని సామాన్య పౌరుడు అడగవచ్చు. ఆ ప్రశ్న న్యాయమైనదే.

లెక్క చేసే ప్రతి యంత్రమూ వేడెక్కుతుంది. ఒక చిన్న సమాచారపు తునకను చెరిపివేయటానికి సైతం కొంత వేడి విడుదల కాక తప్పదని 1961లో రోల్ఫ్ లాండౌవర్ చెప్పారు. మామూలు కంప్యూటరుకు గాలిపంకా చాలు. అతివాహక వలయాలతో పనిచేసే క్వాంటం కంప్యూటరు స్థితి వేరు. అది కెల్విన్‌లో నూరవ వంతు పాటి చలిలో పనిచేయాలి. అటువంటి వలయాలలో క్వాంటం ధర్మాలను 1984–85 ప్రయోగాలలో కంటికి ఎదుట నిలిపిన క్లార్క్, డెవొరే, మార్టినిస్‌లకు 2025లో భౌతిక శాస్త్రపు నోబెల్ బహుమతి ప్రకటించారు. ఆ చలిలో శీతలయంత్రం తొలగించగల వేడి అత్యల్పం. వలయాల సంఖ్య పెరిగిన కొద్దీ వాటికి ఆజ్ఞలు మోసే తీగలూ, సంకేతాలూ పెరుగుతాయి. ప్రతి సంకేతంతోనూ కొంత వేడి లోపలికి దిగుతుంది. అతివాహకం వేడిని బయటకు పోనివ్వదు గనుక అది లోపలే తచ్చాడుతుంది. ఎక్కడో ఒక జంటను విడదీస్తుంది. ఒంటరి ఎలక్ట్రాన్ ఒకటి బిందువులోకి జొరబడగానే సరి బేసి అవుతుంది. అంతటితో లెక్క తప్పుతుంది. రేడియోధార్మిక కిరణాలు, అంతరిక్షం నుండి వచ్చే కిరణాలు కూడా ఇదే విధంగా జంటలను విడదీసి చెరుపు చేస్తాయని 2020లో అమెరికాలో జరిగిన పరిశోధన తెలిపింది.

కనుక వేడి ఎంత అన్నది ఒక్కటే ప్రశ్న కాదు. అది ఎప్పుడు పుట్టింది, ఏ దారిన పోయింది, పోకుండా ఎక్కడ నిలిచింది అన్నవి ప్రశ్నలు. వేడికి ప్రత్యేకంగా ఒక వాకిలి నిర్మించటం, సంకేతాన్ని ఇచ్చే వేగాన్ని వేడి వెళ్ళే వేగానికి అనుగుణంగా సవరించటం ఈ జ్ఞానం ఉంటేనే సాధ్యం.

దీనితో ముడిపడిన మరొక పాఠం కూడా కలదు. అర్ధవాహక తీగను అతివాహకంతో కలిపినప్పుడు మయొరానా అనే అపూర్వ స్థితి స్పష్టంగా కనిపించినదని చెప్పిన ఒక వ్యాసం 2018లో ప్రసిద్ధ శాస్త్ర పత్రికలో వెలువడింది. కొలతల పరిశీలనలో తగిన నిష్ఠ లోపించినదని తేలి, 2021లో రచయితలే దానిని ఉపసంహరించుకున్నారు. తీగ చివర అనుకోకుండా ఏర్పడే సామాన్యమైన క్వాంటం బిందువు సైతం స్థిర ప్రవాహంలో అటువంటి గుర్తునే చూపగలదు. ఒకే కొలతను నమ్ముకుంటే కలిగే ప్రమాదం ఇది. ఆవేశాన్నీ వేడినీ, వాటి స్థిర స్థితినీ మారే స్థితినీ కలిపి చూసినప్పుడే నిజం నిలుస్తుంది. పొరపాటును బహిరంగంగా ఒప్పుకోగలగటం శాస్త్రానికి కళంకం కాదు, అదే దాని బలం.

సమష్టి కృషి

భారత ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో జాతీయ క్వాంటం మిషన్‌ను ఆమోదించింది. 2030–31 వరకు సాగే ఈ కార్యక్రమానికి 6,003.65 కోట్ల రూపాయలు కేటాయించారు. గణన విభాగానికి బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ, సమాచార ప్రసార విభాగానికి మద్రాసు ఐ.ఐ.టి., సూక్ష్మ కొలతల విభాగానికి బొంబాయి ఐ.ఐ.టి., పదార్థాలు, పరికరాల విభాగానికి ఢిల్లీ ఐ.ఐ.టి. కేంద్రాలుగా ఎంపికైనవి. నాలుగు దిక్కుల నాలుగు సంస్థలు ఒకే పనిని పంచుకోవటం ఈ ఏర్పాటులోని విశేషం. ఎనిమిది సంవత్సరాలలో 50 నుండి 1,000 వరకు క్వాంటం ఘటకాలు గల కంప్యూటర్లను నిర్మించటం లక్ష్యంగా పెట్టుకున్నారు. ఆ సంఖ్య పెరిగే కొద్దీ పైన చెప్పిన వేడి సమస్య మన యువ పరిశోధకులకు కూడా ఎదురుపడుతుంది. సిద్ధాంతానికి కాగితం, కలం, సహనం చాలు. ప్రయోగానికి ద్రవ హీలియం, నేర్పరులైన చేతులు, ఏళ్ళ తరబడి సాగే పోషణ కావాలి. రెంటిలో ఏది లోపించినా రెండవది కుంటుపడుతుంది.

గుంటూరు ఆకాశంలో, మచిలీపట్నపు తీరాన కనిపించిన పసుపు గీత ఒక మూలకమై, ఆ మూలకం లైడెన్‌లో ద్రవమై, ఆ ద్రవంలో నిరోధం మాయమైంది. ఆ మాయను అమెరికాలో ముగ్గురు విప్పారు. దానిలో వేడికి మూసిన వాకిలిని మాస్కోలో ఒకరు గుర్తించారు. పీసాలోను, పారిస్‌లోను దానికి తూకం కట్టారు. ఈ గొలుసులోని ఏ ఒక్క లంకెనూ ఏ ఒక్క జాతీ తనదే అని విడదీసుకోలేదు. విడదీస్తే గొలుసు నిలవదు. ఒక్కరికే చోటున్న ఆ చిన్ని మజిలీలో సరికీ బేసికీ జరిగే లెక్కను పూర్తిగా తేల్చటం ఇంకా మిగిలి ఉన్నది. రాబోయే లంకెలలో కొన్నింటిని ఈ దేశపు ప్రయోగశాలలు చేర్చవలసి ఉన్నది.